అప్పలనర్సయ్య చేతిలో పట్టుచీర

అప్పలనర్సయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఊర్జానగర్ క్వార్టర్ ఖాళీ చేసి, చంద్రపూర్ ఊళ్లో చిన్న ఇల్లు కట్టుకుని కుదురుకుంటున్న రోజుల్లో భార్య రుక్మిణికి పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది కానీ కుడిచెయ్యి పడిపోయింది. మాట ముద్దగా, ఆగి ఆగి వచ్చేది. వినేవాళ్లు ఏమనుకుంటారోనని ఆమె నెమ్మదిగా మాట్లాడటమే మానుకుంది. ఎంత మాట్లాడితే అంత మంచిదని డాక్టర్ చెప్పినా తల ఊపి ఊరుకునేది.

వంటా, ఇంటిపనీ అప్పలనర్సయ్య నేర్చుకున్నాడు. బీరువాలో పై అర జోలికి మాత్రం పోలేదు. అక్కడ ఆమె పట్టుచీరలుండేవి. ఏటా వానలు వెళ్లాక వాటిని తీసి, నీడన ఆరేసి, పాత మడతలు మార్చి, మెత్తటి నూలుగుడ్డలో చుట్టి పెట్టుకునేది. జబ్బు చేశాక ఆ అర ఎవరూ తెరవలేదు.

దీపావళి అయ్యాక కోర్పనా దగ్గరి ఊరినుంచి ఆమె తమ్ముడు లక్ష్మయ్య వచ్చాడు. కూతురు జయకు పెళ్లి కుదిరిందట.

"అక్కా, మేనత్తవు నువ్వు రాకుంటే పిల్లను పీటల మీద ఎట్ల కూసుండబెడ్తం?" అన్నాడు.

అతణ్ణి బస్సెక్కించి అప్పలనర్సయ్య తిరిగొచ్చేసరికి రుక్మిణి బీరువా వైపు చూస్తూ కూర్చుంది.

"చీర," అంది.

"ఏ చీర?"

"తమ్ముడు... పెట్టింది."

జబ్బుకు ముందు లక్ష్మయ్య అక్కను పుట్టింటికి పిలిచి, ఒళ్లో పసుపు కలిపిన ఒడిబియ్యం పోసి పెట్టిన చీర అది. మీగడ రంగు పట్టు, ఎర్రటి జరీ అంచు. విప్పి చూస్తే ముక్కిన వాసన. కుచ్చిళ్ల దగ్గర అరచేయంత పసుపు మరక.

"డ్రైక్లీనింగ్‌కు ఇచ్చొస్త."

ఆమె తల అడ్డంగా ఊపింది. "నువ్వే ఉతుకు."

"నాకేం తెలుసే? నేను మసిల పనిచేసినోణ్ణి."

"నేను... జెప్త."

మొదట చెయ్యే అడ్డమైంది. ఏళ్ల తరబడి ఇనుము పట్టి గరుకెక్కిన అరచేయి ఆనగానే పట్టుపోగు పట్టుకుని లేచింది. రుక్మిణి అతని చేతులు చూసింది. వాటికి కొబ్బరినూనె రాయమంది. అతను కొన్నాళ్లు ఉదయం, సాయంత్రం నూనె రాసి, శుభ్రంగా కడిగి తుడుచుకుని, చేతులు మెత్తబడ్డాకే మళ్లీ చీర ముట్టాడు.

తడిగుడ్డతో అంచు మూలన అద్ది, రంగు దిగడం లేదని చూసుకున్నారు. కుంకుడుకాయలు నానబెట్టాడు. ఆ రసం వడగట్టేలోపే మరక సంగతి తేల్చేద్దామని సబ్బు తెచ్చి కాస్త రాశాడు. పసుపు మరక ఒక్కసారిగా ఎర్రగా మారింది.

"రుక్మిణీ, ఖరాబ్ జేసిన. నెత్తురు లెక్కైంది."

ఆమె కుర్చీలో ముందుకు వంగింది. "భయపడకు. పసుపుకు సబ్బు తగిల్తే గట్లనే ఎర్రగైతది. సల్లటి నీళ్లు పొయ్యి. రుద్దకు. మల్ల పచ్చగైతది."

నీళ్లు పోస్తుంటే ఎరుపు తగ్గి పసుపు తేలింది. అప్పుడు తట్టింది అతనికి, ఆమె ఆగకుండా అన్ని మాటలు మాట్లాడిందని. ఆ సంగతి ఎత్తితే మళ్లీ మూగబోతుందేమోనని, "ఇగ ఏం జెయ్యాలె?" అని మాత్రం అడిగాడు.

ఆమె చెప్తూనే ఉంది. కుంకుడు నురుగులో ముంచి తీయాలి. పిండకూడదు. తువ్వాలులో చుట్టి అదమాలి. మిద్దె మీద ఆరేస్తే నల్లదుమ్ము పడుతుంది కాబట్టి ముందుగదిలోనే ఫ్యాను కింద పరచాలి. మర్నాడు అద్దాల కిటికీ పక్కన మంచం వేయించి, చీరంతా తెల్లధోవతితో కప్పించి, మరక ఒక్కటే ఎండకు కనబడేలా ఉంచమంది. "ఎండకు పసుపు పోతది. పట్టుకు మాత్రం ఎండ తగలొద్దు."

ఎండ జరిగినకొద్దీ మంచం జరుపుతూ అతను ఆ పక్కనే కూర్చున్నాడు. మరక పలచబడుతుంటే తన డ్యూటీ బట్టలు గుర్తొచ్చాయి. మసి పట్టి ఇంటికొచ్చేవి, తెల్లారేసరికి శుభ్రంగా దండెం మీద ఉండేవి.

"నా బట్టలు ఎట్ల ఉతుకుతుంటివే?"

"ముందుగాల ఎండుగున్నప్పుడే దులుపుతుంటి. తడిపితే మసి ఇంకా పట్టుకుంటది." ఎడమ అరచెయ్యి చూసుకుంటూ అంది, "చేతులు నల్లగైతుండె. నువ్వు పానంతోని ఇంటికొచ్చినవ్ గదా అనుకుంట ఉతుకుతుంటి."

అతను ఆమె కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే మెల్లగా చాపుతూ చాలాసేపు కూర్చున్నాడు.

సాయంత్రానికి మరక పోయింది. చీరను తిరగేసి, పైన నూలుగుడ్డ పరిచి, తక్కువ వేడి మీద ఇస్త్రీ చేశాడు.

పెళ్లికి ముందురోజు గోండ్‌పిప్రి నుంచి కూతురు ప్రతిభ వచ్చింది. ఆమే తల్లికి ఆ చీర కట్టి, కుచ్చిళ్లు సర్దింది. మర్నాడు పెళ్లిపందిట్లో ఆడవాళ్లు రుక్మిణి చుట్టూ చేరారు. చీర కొత్తదా అని ఎవరో అడిగారు.

"పాతదే. మా ఆయిన ఉతికిండు," అంది రుక్మిణి. వాళ్లు నమ్మలేదు. దాంతో ఆమె సబ్బు రాసిన కాడినుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. మాట అక్కడక్కడా తడబడినా ఆపలేదు. నవ్వేవాళ్లతోపాటు తనూ నవ్వింది.

లక్ష్మయ్య పందిరి గుంజ పక్కన నిలబడి విన్నాడు. బావ దగ్గరికొచ్చి భుజం పట్టుకున్నాడు.

"బావా, అక్క గొంతు మల్ల వింటనని అనుకోలే. మంచిగ జేసినవ్."

"నేనేం జేసిన? ఆమె జెప్పింది, నేను ఉతికిన," అన్నాడు అప్పలనర్సయ్య.

తలంబ్రాలయ్యాక రుక్మిణి ఎడమచేత్తో జయ తల మీద అక్షింతలు వేసి, "సల్లగ బతుకు బిడ్డా" అంది. వెనక నిలబడ్డవాళ్లకు కూడా ఆ మాట స్పష్టంగా వినిపించింది.