వెంట్రుకవాసి పరీక్ష

జినెట్ రోషా కుడి బొటనవేలి గోటితో ఇంట్లో ఏ పనీ చెయ్యదు. బంగాళాదుంప చెక్కు తియ్యదు, ఉత్తరం కవరు చింపదు, ఆఖరికి దురద పుట్టినా గోకదు. ఆ గోరు కార్ఖానాది. సరస్సు పక్క లోయలో ఉన్న గడియారాల ఊరు లె సాంతియేలో నలభై నాలుగేళ్లుగా ఆమె చేతిగడియారాల ఇరుసు కొనలకు మెరుగు పెడుతోంది. కొనను ఆ గోటి మీద ఒక్కసారి లాగిందంటే ఎక్కడ గీత పడిందో, ఇంకెంత అరగాలో చెప్పేస్తుంది.

ఆ లోయలో కొలత చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. మిల్లీమీటరును వంద ముక్కలు చేస్తే వచ్చే ముక్కే వాళ్ల లెక్క. "ఏడుంది" అంటే నూటికి ఏడు వంతులని. ఏమిటి ఏడు అని ఎవరూ అడగరు, అడిగినవాడు పొరుగూరివాడే. తల్లి అలాగే చెప్పింది, జినెట్ కూడా అలాగే చెప్పుకొచ్చింది.

కిటికీ పక్క బల్ల ఆమెది. తలెత్తితే సరస్సు కనిపిస్తుంది. ఇప్పుడు ఆ బల్లకే ఎసరొచ్చింది. నాణ్యత చూడటానికి కొత్తగా వచ్చిన అధికారి ఫాబ్రిస్ మెలాన్ ఒక నోటీసు అంటించాడు. ఇకపై కాగితాల్లో మైక్రాన్లూ నానోమీటర్లే రాయాలట, పాత లెక్కను వాటిలోకి మార్చడం రానివాళ్లు కింద అట్టపెట్టెలు సర్దే గదికి పోవాలట. పరీక్ష శుక్రవారం. ఫాబ్రిస్ కూడా ఆ లోయలో పుట్టినవాడే. నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలనూ ఈ చెవి నుంచి ఆ చెవి దాకా పరిచి దువ్వుకుంటాడు.

మిల్లీమీటరుకు వెయ్యి మైక్రాన్లు, మైక్రానుకు వెయ్యి నానోమీటర్లు. అంతవరకూ జినెట్‌కు నోటికొచ్చింది. కానీ కొలత చిన్నదయ్యేకొద్దీ అంకె కూడా చిన్నదవ్వాలి కదా, పెరుగుతుందేమిటి? ప్రతిసారీ సున్నాలను తప్పు వైపు తోసేది. మూడు రోజులు కుస్తీ పట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పోస్ట్‌మన్‌గా రిటైరైన ఆమె భర్త ఆర్మాన్ చివరికి సాసేజ్, కత్తి పట్టుకుని బల్ల ముందు కూర్చున్నాడు.

"ఇటు చూడవే. దీన్ని లావుగా కోస్తే ఎన్నొస్తాయి?"

"ఎనిమిది."

"పల్చగా కోస్తే?"

"ఇరవై పైనే."

"అంతే మరి! ముక్క సన్నబడేకొద్దీ లెక్క పెరుగుద్ది. సాసేజ్ అంతే ఉంటది."

జినెట్ కాసేపు ముక్కలకేసి, కాసేపు మొగుడికేసి చూసింది.

"అంటే ఇన్నేళ్లూ 'నీకు పన్నెండేశా, నాకు ఆరే' అని నువ్వు చేసింది ఇదన్నమాట!"

"లెక్క తెలిసిందా లేదా?"

"తెలిసింది. నీ పని శుక్రవారం తర్వాత చెప్తా."

శుక్రవారం గదిలోని ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఫాబ్రిస్ ఒక ఇరుసు తీసి ఆమె ముందు పెట్టాడు.

"కొన మందం సున్నా పాయింట్ సున్నా ఏడు మిల్లీమీటర్లు. మైక్రాన్లలో ఎంత, నానోమీటర్లలో ఎంత?"

"డెబ్బై మైక్రాన్లు. డెబ్బై వేల నానోమీటర్లు."

ఫాబ్రిస్ జవాబుల కాగితం చూసి ఎర్ర సిరాతో గీత కొట్టాడు. "ఏడు, ఏడు వేలు. తప్పండీ మేడమ్ రోషా. సోమవారం నుంచి కింద గదికి వెళ్లండి."

జినెట్ కిటికీ వైపు చూసింది. సున్నాలు మళ్లీ మోసం చేశాయా అని సాసేజ్‌ను మనసులో ఇంకోసారి కోసుకుంది. కాదు, డెబ్బైయే.

"ఏడెలా వచ్చిందండీ?"

"ఎలా రావడమేంటి? ఏడంటే ఏడే. ఇలాంటి కొనల్ని మా నాన్న ఏడనే అనేవాడు. కావాలంటే చూస్కోండి." కొనను బల్ల మీద ఉన్న, ముల్లుతో మందం చూపే పాత కొలతగడియారం దవడల మధ్య పెట్టాడు. ముల్లు ఏడు మీద ఆగింది. "చూశారా!"

ఆ ముల్లు చూపేది నూరో వంతులని అక్కడ అందరికీ తెలుసు, అధికారితో అనడానికే నోరు రాలేదు. జినెట్ గొంతు తగ్గించింది.

"సరేనండీ. మరి మనిషి వెంట్రుక ఎంత మందం ఉంటదండీ?"

"దాదాపు డెబ్బై మైక్రాన్లు," అన్నాడు ఫాబ్రిస్ ఠీవిగా. "చిన్నపిల్లలకి కూడా తెలుసు."

జినెట్ లేచి, చెయ్యి చాచి, అతని నెత్తిన పరిచిన నాలుగు వెంట్రుకల్లో ఒకదాన్ని పుటుక్కున పీకింది.

"అబ్బా! ఏంటండీ ఇది!"

వెంట్రుకను అవే దవడల మధ్య పెట్టింది. ముల్లు వెళ్లి ఏడు మీదే నిలిచింది.

ఫాబ్రిస్ ముల్లును చూశాడు, వెంట్రుకను చూశాడు, తన కాగితాన్ని చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మీ నాన్నగారి ఏడు కరెక్టేనండీ," అంది జినెట్, "పక్కన మైక్రానని మీరు రాసుకున్నారు, అంతే. నిజంగా ఏడు మైక్రాన్లే అయితే ఈ వెంట్రుకలు ఇన్నాళ్లు మీ నెత్తిన నిలిచేవా, చెప్పండి?"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఫాబ్రిస్ తను గీసిన ఎర్ర గీతను కొట్టేసి 'సరైనది' అని రాశాడు. జినెట్ ఆ వెంట్రుకను పట్టకారుతో పట్టి ఇరుసులు పెట్టే చిన్న డబ్బీలో వేసి అతని చేతికిచ్చింది. తర్వాత తన కుర్చీలో కూలబడి సరస్సును చూస్తూ ఎందుకో కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రం కత్తి తనే తీసుకుంది. ఆర్మాన్ పళ్లెంలో కాగితాల్లాంటి ముక్కలు పేర్చి లెక్కపెట్టింది.

"నీకు ఇరవై ఆరు," అంది, మిగిలిన ముప్పాతిక సాసేజ్‌ను కొయ్యకుండా తన పళ్లెంలోకి లాక్కుంటూ. "నాకు ఒకటే."