డ్రిల్లు మాస్టారి సగటు వేగం

ఆ బడిలో డ్రిల్లు మాస్టారి ఈల మోగిందంటే తీర్పు అయిపోయినట్టే. బంతి గీత దాటిందో లేదో రెప్పపాటులో తేల్చేసేవాడు. నలభై దాటాక పీజీ చెయ్యాలని బుద్ధి పుట్టినప్పుడూ అంతే వేగంగా దరఖాస్తు పెట్టేశాడు. ప్రవేశ పరీక్షలో లెక్కల భాగం ఉందని ఆ తర్వాతే చూసుకున్నాడు.

అదృష్టం కొద్దీ గురువు ఇంట్లోనే ఉంది. అత్తగారు లెక్కల టీచరుగా రిటైరైన మనిషి, మోకాలి ఆపరేషనయ్యాక కూతురి దగ్గరికి వచ్చింది. పొద్దున ఆయన ఆవిడ చేత మెట్లెక్కించేవాడు. సాయంత్రం ఆవిడ పాఠం చెప్పేది. చిక్కల్లా మర్యాదతోనే. ప్రశ్న సగం చదవగానే ఆయన జవాబు చెప్పేసేవాడు. అల్లుణ్ణి తప్పు పట్టలేక ఆవిడ, "దగ్గరకే వచ్చారు అల్లుడుగారూ" అనేది. కాకి లెక్కలకు మా అమ్మ నెమలి ఈకలు తగిలిస్తోందని భార్య నవ్వేది. తీరా మాక్ టెస్టు రాస్తే సగానికి సగం తప్పులే.

మర్నాడు అత్తగారు మెట్ల మధ్యలో ఇక చాలంటే ఆయన ససేమిరా అన్నాడు. పైదాకా ఎక్కించాకే వదిలాడు.

"ఇక్కడ నేను మొహమాటపడటం లేదు కదా అత్తయ్యా. అక్కడ పాఠం దగ్గర మీరూ పడకండి."

ఆ సాయంత్రం కుర్చీలో కూర్చున్నది అత్తగారు కాదు, టీచరు.

"పెన్ను కింద పెట్టు. ప్రశ్న చివరిదాకా చదువు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

ఒకడు గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగంతో పరిగెత్తి వెళ్ళి, అదే దారిన ఎనిమిది కిలోమీటర్ల వేగంతో తిరిగొచ్చాడు. సగటు వేగమెంత? నాలుక చివరికొచ్చిన 'పది'ని ఆయన మింగేశాడు.

"ఎటు పరిగెత్తడానికి ఎక్కువసేపు పట్టింది?" అంది ఆవిడ.

"తిరిగి రావడానికి." ప్రశ్న మళ్ళీ చూశాడు. "అంటే ఎక్కువసేపు ఎనిమిదితోనే పరిగెత్తాడు. సగటు పదికి తక్కువే ఉండాలి."

దారి ఇరవై నాలుగు కిలోమీటర్లనుకుని, వెళ్ళడానికి రెండు గంటలు, రావడానికి మూడు వేసుకున్నాడు. తొమ్మిది పాయింట్ ఆరు తేలింది. ఇన్నేళ్ళూ మైదానంలో చూసిన పరుగే కాగితం మీదా ఉందని తెలిసేసరికి ఆయనకు హుషారు పుట్టింది.

అక్కణ్ణించి చీవాట్లు పెరిగాయి, తప్పులు తగ్గాయి. పరీక్ష రాసి వచ్చాక భార్య అడిగితే, అన్నీ రాయలేదనీ, రాసినవి మాత్రం గురి తప్పవనీ చెప్పాడు. తప్పలేదు. సీటొచ్చింది.

ఆ కబురు మోసుకొచ్చేసరికి అత్తగారు తన ఊరికి వెళ్ళడానికి బట్టలు సర్దుకుంటోంది. మొదటి ఏడాదే స్టాటిస్టిక్స్ ఉందట అన్నాడాయన, నసుగుతూ.

ఆవిడ చేతిలోని చీర మంచం మీద పెట్టింది.

"అది నాకూ కాస్త మరుపున పడింది. పుస్తకం తెప్పించు, ఇద్దరం చదువుదాం."