డొంక దారి మూసేశాను మావయ్యా

నిన్న పొద్దున పదకొండింటికి అమ్మ ఫోన్.

"ఒరేయ్, యోహాను మావయ్య లేడ్రా. గుండె నొప్పి."

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "ఆంబులెన్స్ ఏ దారిన వచ్చింది?"

ఏడవాల్సిన చోట రూట్ అడిగిన మేనల్లుణ్ణి చరిత్ర క్షమించదు. అమ్మ క్షమించింది. ముక్కు చీదుకుని చెప్పింది.

"డొంక దారిన్రా. వానకి దిగబడిందంట. ట్రాక్టర్‌తో లాగేసరికి..."



తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మావయ్య మినీ లారీ డ్రైవర్. గుంటూరు యార్డుకి మిర్చి, జిన్నింగ్ మిల్లుకి పత్తి తోలేవాడు. చర్చిలో పాట కూడా ఒక లైను ముందే పాడేసి, మిగతావాళ్లు వచ్చేదాకా ఆగి చూసే మనిషి.

నేను బీటెక్. నా ఫైనలియర్ ప్రాజెక్ట్, మా మండలంలో ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా దగ్గరి దారి కనుక్కోవడం. జిఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో రోడ్లన్నీ గీసి గ్రాఫ్ డేటాబేస్‌లో పెట్టాను. కూడలి ఒక చుక్క, రోడ్డు ఒక గీత, గీత మీద దాని పొడవు. దారి కంప్యూటరే వెతుక్కుంటుంది.

డెమో కోసం మావయ్య లారీ ఎక్కాను. ముందురోజు వాన. స్క్రీన్ చూసి, మా ఊరి పొలాల మధ్య ఉన్న మట్టి డొంకలోకి తిప్పమన్నాను. నాలుగు కిలోమీటర్లు కలిసొస్తాయట.

"అటా?"

"అటే. సైన్స్, మావయ్యా."

"చిత్తం ఇంజినీరు గారూ" అని తిప్పేశాడు.

రెండొందల గజాలు కూడా పోలేదు. నల్లరేగడి ఇరుసు దాకా మింగేసింది. నా ఎడమ చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "నీ కంప్యూటర్‌కి దూరం తెలుసురా. నేల తెలీదు. నేర్పుదాంలే" అన్నాడు.

నేర్పాడు. మార్కులొచ్చాయి, ఉద్యోగమొచ్చింది, అయినా నన్ను వదల్లేదు. ప్రతి ఆదివారం చర్చి అవగానే బైక్ తీసేవాడు. ఆయన ముందు, నేను వెనక.

"రాసుకో. వాగొస్తే ఈ చప్టా మీద నడుంలోతు నీళ్లు."

"ఇది రాసుకో. ఫిబ్రవరి, మార్చిలో ఇది రోడ్డు కాదురా, కల్లం. ముందు సుబ్బమ్మొదిన మిరపకాయలు ఎత్తాలి, ఆ తర్వాతే ఎవరి ప్రాణమైనా."

అవన్నీ నెలలవారీగా గీతల మీదికి ఎక్కించాను. వానాకాలానికి ఒక దారి, మిర్చి కాలానికి ఇంకో దారి.

"నీకు దారులన్నీ తెలుసుగా, ఇంకెందుకు ఇదంతా?" అని ఒకసారి అడిగాను.

"నాకు తెలిస్తే ఏం లాభంరా? ఆంబులెన్స్ తోలేవాడు కొత్తోడు."

పదకొండు ఊళ్లు పూర్తి చేశాం. ఆంబులెన్స్ డ్రైవర్లు మా మ్యాప్‌ని ఫోన్లలో వాడటం కూడా మొదలుపెట్టారు.

మిగిలింది ఒక్కటే. మా ఊరు.

"మనూరిది ఎప్పుడు?" అంటే, "మన దారి మనకి తెలీదేంట్రా? చివర్లో చూద్దాం" అనేవాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ డొంక సంగతి ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. అందుకే ఎవరం రాయలేదు.

నిన్నటి డ్రైవర్ కొత్తవాడు. చూసింది మా మ్యాపే. అందులో డొంక నేను మొదట గీసినట్టే ఉంది. దాని మీద పొడవు తప్ప ఇంకేమీ లేదు. దగ్గరి దారి.

"ముందే వచ్చినా చెప్పలేం" అన్నారు డాక్టర్ గారు. ఆ మాట పట్టుకుని నిద్రపోవచ్చు. నేను పట్టుకోదలుచుకోలేదు.

ఇవాళ సమాధుల తోట నుంచి నేరుగా డొంకకి వెళ్లాను. ట్రాక్టర్ జాడలు ఇంకా ఆరలేదు. అక్కడే నిలబడి, ఫోన్‌లోనే, ఆ గీతని వానాకాలమంతా మూసేశాను.

తర్వాత ఆసుపత్రి నుంచి మావయ్య ఇంటికి దారి అడిగాను.

చుట్టు దారి చూపించింది. నాలుగు కిలోమీటర్లు ఎక్కువ. అయినా మొత్తం పదిహేను నిమిషాలే.

ఇంటికెళ్తే అత్తయ్య మావయ్య బైక్ తాళాలు నా చేతిలో పెట్టి, "నీకు కాళ్లు అందవేమోరా" అంది. ఆ ఏడుపులోనూ నా ఎత్తు మీద జోకే.

అందకపోయినా తోలతాను. ఆదివారం చర్చి అయ్యాక మా ఊరితోనే మొదలు. తర్వాత పక్క మండలం. వచ్చేవాళ్లు చర్చి గేటు దగ్గరికి రండి. మీ ఊళ్లో అందరికీ తెలిసిన దారేదో అదే ముందు చెప్పండి.

హాయిగా పడుకో మావయ్యా. ఇక నుంచి ముందు సీట్లో నేను.