పేర్లు అడిగిన టీచరమ్మ

గురువారం పొద్దున మూడో తరగతి పిల్లలకు పాఠం చెబుతుంటే బాలమణి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. బండల గనిలో పని మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ళు ఇంకా ఎగదోపుకొనే ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. "అక్కా, మన టీచరమ్మ పోయింది" అన్నది. వికారాబాద్ నుంచి రైల్లో వచ్చినవాళ్ళెవరో గని దగ్గర చెప్పారట. ఆ తర్వాత పిల్లలకు ఏం చెప్పానో నాకు గుర్తులేదు. వాళ్ళు మాత్రం చప్పుడు చేయకుండా నా ముఖమే చూస్తూ కూర్చున్నారు.

తాండూరు ఆడపిల్లల బడిలో చదువుకున్న మా ఈడువాళ్ళకు టీచరమ్మ అంటే ఆమె ఒక్కతే. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు వచ్చింది. అంతకుముందు మా ఊళ్ళో బడి అంటే ఉర్దూ చదువే. తెలుగు చెప్పే పంతులమ్మ వస్తుందంటే మా నాయిన కూడా సంతోషపడ్డాడు. ఆమె వికారాబాద్ పక్క పల్లెలో, ఊరికి ఎడంగా ఉండే వాడలో, కూలి చేసుకుని బతికే క్రైస్తవుల ఇంట్లో పుట్టిందని తెలిశాక ఆ సంతోషం తగ్గింది. అయినా నన్ను బడికి పంపాడు. ఇంకో పంతులమ్మ లేదు మరి.

సన్నగా ఉండేది. వడివడిగా నడిచేది. మాలో సగం మందికి చెప్పులుండేవి కావు, అందుకని తనూ చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చేది. సరిహద్దు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు తెలుగులో కన్నడం కలిపి మాట్లాడితే మేం కిసకిసమనేవాళ్ళం. ఒకరోజు పాఠం ఆపి, "నవ్వితె అందరం కలిసి నవ్వాలె బిడ్డా. ఒకరు ఏడుస్తుంటే మిగిలినోళ్ళు నవ్వేది నవ్వు గాదు" అన్నది. కోపంగా అనలేదు. అందుకే గుర్తుండిపోయింది.

ఒక శనివారం మాకు ఒక పని చెప్పింది. మీ ఇంట్లో, మీ పొలంలో పనిచేసేవాళ్ళ పేర్లు తెలుసుకొని రండి, పొద్దున ఏం తిన్నారో కూడా అడిగి రండి, అని. మాది భూములున్న ఇల్లు. పనివాళ్ళకు తక్కువ లేదు. మా కొట్టంలో పేడ తీసే ముసలామెను అందరూ "ఏయ్ ముసలీ" అనే పిలిచేవారు. నేను పోయి, "నీ పేరేంది?" అని అడిగాను. చేతిలో చీపురు అట్లాగే పట్టుకొని నవ్వింది. "నా పేరుతోటి నీకేం పని బిడ్డా?" అన్నది. మా టీచరమ్మ అడిగి రమ్మన్నదని చెబితే కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది! తర్వాత, "చంద్రమ్మ" అని మెల్లగా చెప్పింది. చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుంది. పొద్దున ఏం తినలేదట.

సోమవారం ఒక్కొక్కరం లేచి చెప్పాం. జొన్న గటక తిన్నారు, రాత్రి రొట్టె తిన్నారు, ఏం తినలేదు, ఏం తినలేదు. చెబుతూ చెబుతూ మా గొంతులు చిన్నవైపోయాయి. ఇప్పుడు టీచరమ్మ పెద్ద నీతి చెబుతుందనుకున్నాం. ఆమె "సరే, లెక్కలు తీయండి" అన్నది. ఆ రోజు నుంచి చంద్రమ్మను పేరు పెట్టి పిలిచాను. నన్ను చూసి మా అమ్మ కూడా పిలవడం మొదలుపెట్టింది.

బాలమణి నాకంటే ఏడాది చిన్నది. వాళ్ళ నాయిన నాపరాయి గనిలో బండలు కోసేవాడు. ఏళ్ళ తరబడి ఆ దుమ్ము పీల్చి మంచాన పడ్డాడు. అది క్షయ అని ఊరంతా అనేసింది. ఆ పిల్లను బడి మాన్పించాలని పెద్దలు పట్టుబట్టారు, వాళ్ళలో ముందున్నవాడు మా నాయినే. టీచరమ్మ తండ్రినీ బిడ్డనూ రైలెక్కించి వికారాబాద్ గుట్టమీది క్షయ ఆస్పత్రికి తీసుకుపోయింది. తండ్రికి జబ్బు ముదిరిందన్నారు. బిడ్డకు ఏమీ లేదన్నారు. అయినా ఊరు వినలేదు. మమ్మల్ని ఇళ్ళలో ఆపేశారు.

అప్పుడామె మా ఇంటికి వచ్చింది. అరుగు మీదికి రమ్మని ఎవరూ అనలేదు. ఎండలో, కిందనే నిలబడింది.

"పటేలా, డాక్టరు చూసిండు. పిల్ల మంచిగున్నదన్నడు" అన్నది.

"డాక్టరు చూస్తె నాకేంది? మా పిల్ల దాని పక్కన కూసోదు" అన్నాడు నాయిన.

"మీ ఇంట్ల పరిచిన బండలు వాళ్ళ నాయిన అసుంటోళ్ళు కోసినయే గద పటేలా. వాటి మీద మీరు కూసుంటున్నరు, పండుకుంటున్నరు. ఆయన బిడ్డ పక్కన కూసుంటె ఏమైతది?"

"మాటలు బాగ నేర్చినవ్ పో" అని నాయిన లోపలికి వచ్చేశాడు. ఆమె ఎండలోనే వెనుదిరిగి వెళ్ళిపోయింది. కిటికీ పక్క నుంచి నేనూ అమ్మా చూస్తూనే ఉన్నాం.

మరునాడు నాయిన పరిగి అంగడికి పోయాడు. బండి మలుపు తిరగగానే అమ్మ నా పలక తెచ్చి చేతిలో పెట్టింది. "పెరటి దర్వాజ నుంచి పో. మీ నాయినకు నేను చెప్పుకుంట" అన్నది. మా అమ్మ నాయిన మాటకు ఎదురు చెప్పడం నేను అంతకుముందు చూడలేదు.

బడిలో గది దాదాపు ఖాళీ. బాలమణి ఒక మూల కూర్చొని ఉంది. నేను వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. టీచరమ్మ చూసింది. గిరుక్కున బోర్డు వైపు తిరిగింది. చాలాసేపు మా వైపు తిరగకుండానే పాఠం చెప్పింది.

ఆ నెలలోనే బాలమణి నాయిన పోయాడు. గని పక్క గుడిసెలకు ఊళ్ళోంచి వెళ్ళింది టీచరమ్మ ఒక్కతే. ఆ తల్లి పక్కన నేల మీద కూర్చొని, ఆమె తల తన ఒడిలో పెట్టుకుందట. ఊరి పెద్దలకు ఇది మరీ కంటగింపైంది. ఎక్కడెక్కడ చెప్పించారో, ఆమెను బొంరాస్‌పేటకు బదిలీ చేయించారు. బాలమణి బడి మానేసి తల్లితోపాటు గనికి పోయింది. వీలైన ఆదివారమల్లా టీచరమ్మ బస్సెక్కి తాండూరు వచ్చి, ఆ గుడిసె ముందు కూర్చొని బాలమణికి చదువు చెప్పేది. చుట్టుపక్కల పిల్లలూ చేరేవారు. ఇప్పుడు బాలమణి పత్రిక చదువుతుంది, గని పిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది. గని పని మాత్రం తప్పలేదు. ఆ దుఃఖం టీచరమ్మను చివరిదాకా వదల్లేదు.

రెండేళ్ళ కింద ఆమెకే దగ్గు పట్టుకుంది. అదే గుట్టమీది ఆస్పత్రిలో చేరింది. గనివాళ్ళ దగ్గర తిరిగి అంటించుకుందని మా ఊళ్ళో అన్నారు. చూడబోయినప్పుడు నేను ఉండబట్టలేక అడిగాను, "ఎవరి నుంచి వచ్చింది టీచరమ్మా?" అని. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకొని, నన్ను దూరంగా కూర్చోమని సైగ చేసి, ఆగి ఆగి చెప్పింది: "అది అడగకు బిడ్డా. అడిగితె మళ్ల ఎవరినో ఒకరిని వెలెయ్యాలె గద." కిటికీ బయట చెట్ల నిండా కోతులు. వాటి గోల విని నవ్వబోయింది. దగ్గు తెర నవ్వనివ్వలేదు.

ఆమె పోయిందని చెప్పినప్పుడు నాయిన మంచం మీద కూర్చొని ఉన్నాడు. ఇప్పుడు ముసలివాడయ్యాడు. "మంచి మనిషే. గానీ..." అన్నాడు. ఆయన మారిపోయాడని రాయాలని నాకూ ఉంది. రాస్తే అబద్ధమవుతుంది. అమ్మ మాత్రం లోపలికి పోయి, పొయ్యి ముందు కూర్చొని ఏడ్చింది.

బాలమణీ నేనూ రైలెక్కి పోయాం. గని ఆడవాళ్ళు కొందరు ఆ రోజు కూలి వదులుకొని మాతో వచ్చారు. వికారాబాద్ శ్మశానంలో ఆమె తమ్ముడు, చర్చి పెద్ద ఒకాయన, ఆస్పత్రి నుంచి ఇద్దరు ముగ్గురు, మేము. అంతే. అన్ని బళ్ళలో అంతమందికి చదువు చెప్పిన మనిషికి వచ్చినవాళ్ళం అంతే. ప్రార్థన అయ్యాక మట్టి వేయమన్నారు. బాలమణి గుంత పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గుప్పిట్లోకి తీసుకున్న ఎర్రమట్టిలోంచి రాళ్ళు ఏరి పక్కన పడేసి, ఆ మెత్తటి మట్టి మాత్రమే వదిలింది. చర్చి పెద్దాయన తొందరపెట్టబోతే, "జర ఆగు అయ్యా. టీచరమ్మ మీద రాయి పడొద్దు" అన్నది. మిగిలిన ఆడవాళ్ళూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. గుంత నిండేసరికి పొద్దు వాలింది.

తిరుగు రైల్లో ధారూరు దాటాక బాలమణి కిటికీ దగ్గర నిద్రలోకి జారింది. బండి కుదుపుకు దాని తల నా భుజం మీద వాలింది. బయట పూతకొచ్చిన కందిచేలు మసకలో ఇంకా పచ్చగా కనిపిస్తున్నాయి. భుజం తిమ్మిరెక్కింది. నేను కదల్లేదు. తాండూరు వచ్చి అందరూ దిగుతున్నా, దాన్ని లేపడానికి నాకు మనసు రాలేదు.