తెర అనేదాకా శవాన్నే

ఆ రోజుల్లో శంషాబాద్‌లో ఎవరిని కదిలించినా విమానాల ముచ్చటే. ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్త. ఫలానావాళ్ల పిల్లాడు ట్రాలీలు తోసే పనిలో చేరాడట, ఫలానావాళ్ల కోడలికి కౌంటర్లో కూర్చునే ఉద్యోగమట అని ఊరంతా ఆకాశం వైపు చూస్తుంటే, నేనొక్కణ్ణే పాల్మాకులలో ఒక రేకుల షెడ్డు వైపు చూస్తుండేవాణ్ణి. ఆ షెడ్డులో మా నాటకం రిహార్సల్స్ జరిగేవి. అందులో యువరాజు వేషం దొరికితే చాలు, ఇంక ఈ జన్మకు ఏమీ అక్కర్లేదనిపించేది. ఇరవై ఏళ్ల వయసులో అంత చిన్న కోరిక కంటికి అంత పెద్దగా ఎలా కనిపిస్తుందో, ఇప్పుడు నలుగురికి వేషాలు పంచే దర్శకుడినై కూడా నాకు అర్థం కాదు.

మా బాపుకు నీళ్ల ట్యాంకర్ ఉండేది. కొత్తగా లేస్తున్న హోటళ్లకూ వెంచర్లకూ నీళ్లు పోసి వచ్చేవాడు. ఆయన లెక్కలో లోకంలో పనులు రెండే, ట్యాంకర్ నింపడం, ట్యాంకర్ ఖాళీ చేయడం. మిగతాదంతా ఆవారాతనం. "మూతికి రంగు పూసుకొని ఎగిరితె కడుపు నిండుతదారా? సోమవారం నుంచి నాతోని ట్యాంకర్ ఎక్కు. మల్ల డ్రామా గీమా అన్నవంటె ఇంట్లకు రాకు" అని తేల్చి చెప్పేశాడు. బాపు తేల్చి చెప్పాడంటే అంతే, ఇంట్లో కుక్క కూడా మళ్లీ మొరిగేది కాదు.

ఇక మా దర్శకుడు. అందరం సారు అనేవాళ్లం. సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరై, ఆ బెత్తాన్ని తిన్నగా నాటకంలోకి తెచ్చుకున్న మనిషి. ఆయనకొక శాసనం ఉండేది. తన నోటితో "తెర" అనేదాకా ఎవడూ పాత్రలోంచి బయటికి రాకూడదు. దోమ కుట్టినా సరే, కరెంటు పోయినా సరే. ఒకసారి రిహార్సల్ మధ్యలో ఫోనొచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ బయటికి పోయి, అటునుంచి అటే బుద్వేల్‌లో చుట్టాలింటికి వెళ్లిపోయారు. కత్తి ఎత్తిన సైనికుడు ఆయన తిరిగొచ్చేదాకా అలాగే ఎత్తి ఉంచి, తర్వాత వారం రోజులు భుజానికి నూనె రాసుకుంటూ తిరిగాడు. (అతనికి పెళ్లిలో తలంబ్రాలు పోయడానికి కూడా చెయ్యి సరిగ్గా లేవలేదని చెప్పుకుంటారు, కానీ అది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే.)

నాటకం సారు సొంతంగా రాసుకున్నది. ఒక ముసలి రాజు, యుద్ధానికి పోయి చనిపోయే ఆయన కొడుకు. ముసలి రాజు వేషానికి మనిషే దొరకలేదు. కొడుకు శవం మీద పడి ఏడవమంటే, "ఏడ్వమంటె అందరు తుమ్ముతున్నరేందిరా" అని సారు తల పట్టుకునేవారు. యువరాజు వేషానికి మాత్రం ఇద్దరం పోటీ. నేనూ, గ్లిజరిన్ అన్నా. ఏ సన్నివేశానికైనా కన్నీళ్లు కావాలని జేబులో గ్లిజరిన్ సీసా పెట్టుకు తిరిగేవాడు కాబట్టి ఆ పేరు. బావమరిది పెళ్లిలో కూడా వాడాడని ప్రతీతి.

సరిగ్గా అప్పుడే, ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ప్రథమ చికిత్స నేర్పే ఒక శిక్షణ సంస్థ వాళ్లు సారును వెతుక్కుంటూ వచ్చారు. విమానం కూలినట్టు ఒక ఉత్తుత్తి ప్రమాదం సృష్టిస్తారట. దెబ్బలు తగిలిన ప్రయాణికులుగా నటించడానికి మనుషులు కావాలట. సారు కళ్లు మెరిశాయి. "గిది రిహార్సల్ కాదు, పరీక్ష. రేపు ఎవడు పాత్రల గట్టిగ నిలబడితె వాడే యువరాజు" అని ప్రకటించారు. నేను ఇంట్లో ఎయిర్‌పోర్టు దగ్గర ఇంటర్వ్యూ ఉందని చెప్పి, ఉతికిన చొక్కా వేసుకుని బయలుదేరాను. బాపు మొదటిసారి నన్ను చూసి సంతోషంగా తలూపాడు. ఆ తల ఊపు నాకు దారంతా గుచ్చుకుంది.

మైదానంలో టెంట్లు వేశారు. మా మేకప్ భాయ్ బీట్‌రూట్ రసంలో బెల్లం పాకం కలిపి బ్రహ్మాండమైన నెత్తురు తయారుచేశాడు. అక్కడి మేడం అందరి మెళ్లో రంగు చీటీలు వేసింది. పచ్చచీటీ అంటే చిన్న దెబ్బ, ఎర్రచీటీ అంటే ప్రాణాపాయం. గ్లిజరిన్ అన్నకు ఎర్రచీటీ వచ్చింది, చెయ్యి కాలినట్టు. సారు కూడా ఉత్సాహం ఆపుకోలేక, స్పృహ తప్పిన ముసలాయన వేషం తీసుకున్నారు. నాకు నల్లచీటీ వచ్చింది. నల్లచీటీ అంటే చచ్చిపోయినట్టు. ఒక్క డైలాగ్ లేదు, ఒక్క మూలుగు లేదు.

"సార్, సచ్చేముందు రెండు మాటలన్న మాట్లాడొచ్చా" అని బతిమాలాను.

"విమానం కూలి సచ్చినోనికి మాటలేందిరా? సప్పుడు జెయ్యక పండు."

సైరన్ మోగింది, పొగ లేచింది, శిక్షణకు వచ్చిన పిల్లలు స్ట్రెచర్లతో పరుగెత్తుకొచ్చారు. గ్లిజరిన్ అన్న రాగం తీసి ఏడ్చిన ఏడుపుకు, కట్టు కట్టే అమ్మాయి కట్టు వదిలేసి తనే కళ్లు తుడుచుకుంది. నేను కసితో శవాన్ని శాయశక్తులా పోషించాను. ఒక కన్ను సగం తెరిచి ఉంచితే సహజంగా ఉంటుందనుకున్నాను, ఎవరో వచ్చి మూసేసిపోయారు. చెయ్యి కొంచెం వంకరగా పెట్టాను, సరిచేసిపోయారు. చివరికి మొహం మీద తెల్లదుప్పటి కప్పేశారు. దానితో నా నటన మొత్తం నాకూ, బెల్లం పాకం వెతుక్కుంటూ గడ్డం ఎక్కుతున్న చీమలకూ మధ్య వ్యవహారమైపోయింది.

కాసేపటికి విజిల్ మోగింది. మేడం మైకులో, "కార్యక్రమం ముగిసిందండీ. అందరికీ ధన్యవాదాలు. దయచేసి లేచి రండి, భోజనాలు సిద్ధంగా ఉన్నాయి" అంది. ఎవరూ లేవలేదు. ఎలా లేస్తారు, సారు "తెర" అనలేదు కదా. పైగా యువరాజు వేషం అక్కడే ఎక్కడో గాల్లో వేలాడుతోంది. గ్లిజరిన్ అన్న శ్రుతి పెంచాడు. పచ్చచీటీ వాళ్లు కూడా, చిన్న దెబ్బలకే, ఊపిరి పోతున్నట్టు మూలగడం మొదలుపెట్టారు. బిర్యానీ గిన్నె మూత తీసిన వాసన దుప్పటిలోకి వచ్చింది. నా కడుపు శవానికి తగని చప్పుడొకటి చేసింది.

"అయ్యా, మీకు నిజంగానే తగిలిందా ఏమిటండీ" అని మేడం కంగారుగా అడగడం వినిపించింది.

"నా చెయ్యి మేడం, నా చెయ్యి" అన్నాడు గ్లిజరిన్ అన్న.

వేషం లేనివాడు మేకప్ భాయ్ ఒక్కడే. పాపం ఆయన నచ్చజెప్పబోయాడు. "మేడం, పరేషాన్ గావొద్దు. వీళ్లు గిట్లనే ఉంటరు. తెర అంటెనే లేస్తరు."

"అయితే మీరే అనండి."

"నేనంటె నడ్వదు మేడం. సారు అనాలె."

"ఆ సారు ఎక్కడున్నారు మరి?"

"ఆయన బేహోష్ ఉండె గదా మేడం. మీవోళ్లే అంబులెన్సుల ఏసుకొని దవాఖానకు తీస్కపోయిన్రు."

ఆవిడ కుర్చీలో కూలబడ్డ చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. తర్వాత అక్కడ పుట్టిన గందరగోళం చెప్పనలవి కాదు. అసలు డాక్టర్ను పిలవండని ఒకరు, అసలు అంబులెన్సు రావాలని ఇంకొకరు, ఎవరు ఉత్తుత్తి మనిషో ఎవరు నిజం మనిషో తెలియక అందరూ అటూ ఇటూ పరుగులు. సరిగ్గా ఆ సమయంలో నాకొక హారన్ వినిపించింది. ఆ హారన్ నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మంటలార్పి ఖాళీ అయిన డ్రమ్ములు మళ్లీ నింపడానికి నీళ్ల ట్యాంకర్ను మాట్లాడుకున్నారన్న సంగతి మాకెవరూ చెప్పలేదు.

"ఏమైంది బిడ్డా గిక్కడ" అని బాపు ఎవరినో అడిగాడు. "నిజంగనే తగిలినట్టుంది పెద్దాయనా, ఒకాయన బేహోష్ అయి దవాఖానకు పోయిండు" అన్నాడు ఆ అబ్బాయి పరుగెత్తుతూనే. తర్వాత బాపు అడుగుల చప్పుడు నా దగ్గరికొచ్చి ఆగిపోయింది. దుప్పటి చాలక నా కాళ్లు బయటే ఉన్నాయి. కాళ్లకున్న చెప్పుల్లో ఒకదానికి పట్టీ తెగితే, ట్యాంకర్ వైరుతో బాపే కుట్టాడు.

దుప్పటి లేచింది. లేవాలా వద్దా? లేస్తే దొరికిపోతాను, యువరాజు వేషమూ పోతుంది. ఈ రెండు ముక్కలు ఆలోచించేలోపే బాపు నా పక్కన మట్టిలో కూలబడి నా తల ఒళ్లోకి తీసుకున్నాడు. అరుపులే తెలిసిన నేను ఎప్పుడూ వినని గొంతు ఒకటి ఆయనలోంచి వచ్చింది. "లే బిడ్డా. నేనేమీ అననురా. ట్యాంకర్ ఎక్కకున్నా మంచిదే. డ్రామాలే ఆడుకో. జిందగంతా ఆడుకో. ఒక్కసారి కండ్లు తెరువు బిడ్డా." నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బాపుకు నేనంటే ఇంత ఉందని నాకు తెలియదు. నిజంగా తెలియదు. కానీ ఇరవై ఏళ్ల వెధవకి గుండె ఒకవైపు కరుగుతుంటే చెవులు ఇంకోవైపు పనిచేస్తాయి కదా. టక్కున కళ్లు తెరిచి, "నిజంగనేనా బాపు" అన్నాను.

ఆ రోజు మైదానంలో నిజంగా తగిలిన దెబ్బ ఒక్కటే, అది నా చెంపకు తగిలింది. ఆ చప్పుడుకు మొదట పచ్చచీటీలు నవ్వాయి, తర్వాత ఎర్రచీటీలు. గ్లిజరిన్ అన్న కాలిన చేత్తోనే కడుపు పట్టుకుని దొర్లాడు. మేడం ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియదు. కొట్టిన బాపు ఆ చేత్తోనే నన్ను గట్టిగా పట్టుకుని వదలకుండా కూర్చున్నాడు. అప్పుడు చూశాను. దవాఖాన నుంచి తిరిగొచ్చిన అంబులెన్సు మెట్టు మీద, చేతికి సూది గుచ్చిన చోట ప్లాస్టరుతో సారు నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచి చూస్తున్నారో ఏమో, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

"తెర" అన్నారు మెల్లగా. తర్వాత తిన్నగా మా దగ్గరికొచ్చి, నావైపు చూడనైనా చూడకుండా, "అన్నా, మా నాటకంల ముసలి రాజు వేషం ఉన్నది, ఏస్తవా?" అని బాపును అడిగారు.

బాపు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నాకు ట్యాంకర్ ఉన్నది సారు" అన్నాడు. నా గడ్డం మీది చీమను దులుపుతూ, "వీని మీద ఒక కన్నేసి పెట్టాలె గదా. సాయంత్రమైతె వస్త" అన్నాడు.

యువరాజు వేషం గ్లిజరిన్ అన్నకే పోయింది. శవం మాట్లాడటం క్షమించరాని నేరమని సారు నన్ను పరదా పక్కన కూర్చోబెట్టి అందరికీ మాటలందించే పని ఇచ్చారు. అక్కడ కూర్చుని అందరినీ చూసీ చూసీ దర్శకుణ్ణయ్యాను. మొదటి ప్రదర్శనలో బాపు కొడుకు శవం మీద పడి ఏడుస్తుంటే హాలు హాలంతా ఏడ్చింది. గ్లిజరిన్ అన్న జేబులో సీసా ముట్టకుండానే ఏడ్చాడు, శవమై ఉండి కూడా.

సారు ఇప్పుడు లేరు. ఆయన "తెర" నాకొచ్చింది. బాపు ట్యాంకర్ ఎప్పుడో అమ్మేశాడు కానీ వేషాలు మానలేదు. ఇప్పుడు ఆడుతున్న నాటకంలో ఆయన చివర్లో చనిపోతాడు. దుప్పటి చాలక కాళ్లు బయటికుంటాయి. ప్రేక్షకులు ఆ నిశ్శబ్దంలో ఇంకొంచెంసేపు ఉండాలని, దర్శకుడిగా నాకు తెలుసు. అయినా ఆయన కళ్లు మూసీ మూయకముందే "తెర" అనేస్తాను.

"గంత తొందరేందిరా? జనాలను జర మంచిగ చూడనియ్యవు" అని బాపు ప్రతిసారీ లోపలికొచ్చి తిడతాడు. రేపటి నుంచి కొంచెం ఆగి అంటాలే బాపు అని నేను ప్రతిసారీ చెబుతాను.