దొరగారి పతకానికి చింతపండు

తొంభైల్లో నేను అరబ్బు దేశంలో, బుసైతీన్ అనే ఊళ్లో ఒక ఇంగ్లీషు దొర ఇంట్లో పనిచేసేవాణ్ణి. ఆయన వాళ్ల సైన్యంలో ఆఫీసరుగా చేసి రిటైరైనవాడు. యుద్ధంలో తుపాకీ గుళ్ల మధ్య నుంచి గాయపడ్డ సిపాయిని వీపున మోసుకొచ్చాడట. అందుకిచ్చిన కంచు పతకం హాల్లో అద్దాల పెట్టెలో ఉండేది. ఇంటి దగ్గర మా అమ్మ దేవుడి సామాను తోమినట్టే నేను దాన్ని వారంవారం చింతపండుతో తోమేవాణ్ణి. అదీ భక్తిగా! అంత వెర్రివెధవని.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, తోటపని చేసే కరీంనగర్ పెద్దాయన ఎండకి కళ్లు తిరిగి గులాబీ మొక్కల పక్కన పడిపోయాడు. అతిథులతో కూర్చున్న దొర కిటికీ తీసి చూశాడు. "మొక్కలు జాగ్రత్త. అతన్ని బయటికి తీసుకుపో" అని నాకు చెప్పి, ఏసీ చల్లదనం పోతుందని కిటికీ మూసేశాడు. మహావీరుడు మరి!

"తమ్మీ, జర నీళ్లియ్యి" అంటున్న పెద్దాయనకి నీళ్లు తాగించి, వీపున వేసుకుని రోడ్డు దాకా మోశాను. టాక్సీలో ఆసుపత్రికి చేర్చి తిరిగొచ్చేసరికి హాల్లో దొర తన కథ చెబుతున్నాడు.

"మనిషి బరువెంతో వీపున మోసినవాడికే తెలుస్తుంది" అన్నాడు. అతిథులు చప్పట్లు కొట్టారు. నేను నడుం పట్టుకుని వాళ్లకి టీ అందించాను.

మర్నాడు, పతకం తోమడానికని తీసిపెట్టిన చింతపండుతో చారు కాచి పెద్దాయనకి పట్టుకెళ్లాను.