సిరాజ్ మియా చెవులు

మెదక్ బస్టాండు దగ్గర కిరాయికి తిరిగే కార్లన్నిటిలోకీ సిరాజ్ మియా కారే పాతది. ఒకప్పుడు ఎవరో జాగీర్దారు విలాయతు నుంచి తెప్పించుకున్న బండి. గుడ్డ టాపు, పక్కన ఫుట్‌బోర్డు, ముందు హ్యాండిలు పెట్టి తిప్పితే గాని లేవని ఇంజను. దాన్ని సిరాజ్ చెవులతో నడిపేవాడు. చప్పుడులో ఏ కాస్త తేడా వచ్చినా బండి ఆపి బానెట్ ఎత్తేవాడు.

పంతొమ్మిది వందల అరవై నాలుగు వానాకాలం వచ్చేసరికి ఆ చెవులు మొరాయించాయి. మొదట పిట్టల కూత వినిపించడం మానేసింది. తర్వాత పిండిగిర్నీ చప్పుడు ఎక్కడో దూరానికి పోయింది. దవాఖానలో డాక్టరు లైటు వేసి చూసి, నరాలు ఎండిపోతున్నాయని, దీనికి మందు లేదని చెప్పాడు. సిరాజ్ ఆ మాట ఇంట్లో భార్య నూరున్నీసాకు కూడా చెప్పలేదు. చెవిటివాడి బండి ఎవరెక్కుతారు?

అన్నిటికంటే మదన్ మోహన్‌కు తెలుస్తుందేమోనన్నది పెద్ద దిగులు. హైదరాబాద్‌లో సంగీతం చెప్పి రిటైరైన మదన్ మోహన్, పాటలంటే ప్రాణం పెట్టేవాళ్లను కొందరిని వెంటబెట్టుకొని నెలకోసారి బస్సులో మెదక్ వచ్చేవాడు. అక్కడి నుంచి ఊళ్లు తిరగడానికి సిరాజ్ కారే. ఒకసారి ఒగ్గు కథ, ఒకసారి పీర్ల పాటలు, ఇంకోసారి డప్పుల మీద క్రైస్తవ కీర్తనలు. పాట ముగిసిన ప్రతిసారీ ఆయన తిరిగి చూసి, "ఎట్లుంది సిరాజ్ మియా?" అని అడిగేవాడు. ఒకప్పుడు ఆ ప్రశ్నకు సిరాజ్ మురిసిపోయేవాడు. ఇప్పుడు అది రాకముందే బదులు సిద్ధం చేసుకునేవాడు. పాడేవాళ్ల పెదాలు ఆగగానే, "మస్తుంది సాబ్" అనేసి ఊపిరి పీల్చుకునేవాడు.

ఆ శ్రావణంలో నాట్ల పాటలు వినడానికి నర్సాపూర్ వైపు బయల్దేరారు. ముందు సీట్లో సిరాజ్ పక్కన మిషన్ బడిలో పాటలు నేర్పే లలిత టీచరు కూర్చుంది. మదన్ మోహన్, హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరూ వెనక ఉన్నారు. అడవి మొదలయ్యాక రోడ్డు సన్నబడింది. ఆ బండికి వెనక చూసుకునే అద్దం లేదు. ఆ అవసరం సిరాజ్‌కు ఎన్నడూ రాలేదు. ఇప్పుడు మాత్రం మెడ తిప్పి తిప్పి చూసుకుంటూ నడుపుతున్నాడు.

ఒక వంపు దగ్గర ముందున్న ఎడ్లబండి మీద చూపు నిలిపాడు. అంతలోనే వెనక నుంచి కుడిపక్కకు లారీ గోడలా వచ్చిపడింది. స్టీరింగు ఎడమకు లాగాడు. చక్రాలు రోడ్డు దిగి బురదలో కూరుకుపోయాయి.

లారీ ఆపి డ్రైవరు మీదికొచ్చాడు. "ఎంతసేపటి సంది హారన్ కొడ్తున్న. చెవుడా ఏంది నీకు?"

మాటలు అందకపోయినా అతని వేలు తన చెవి వైపు చూపడం సిరాజ్‌కు కనిపించింది.

"మాట జర మంచిగ రానీ," అన్నాడు మదన్ మోహన్. "గీయన నువ్వు పుట్టకముందు సంది బండి నడుపుతుండు."

లలిత సిరాజ్ వైపు చూసింది. ఇందాక హారన్‌కు తను రెండుసార్లు వెనక్కి తిరిగింది. సిరాజ్ కావాలనే దారి ఇవ్వడం లేదనుకుంది. ఇప్పుడు అతని ముఖం చూస్తే అట్లా అనిపించలేదు.

అందరూ దిగి నెట్టి బండిని రోడ్డెక్కించారు. ఊరు చేరేసరికి మడిలో ఆడవాళ్లు వంగి నాట్లేస్తున్నారు. పాట చెప్పేది సిద్దమ్మ. సిరాజ్ గట్టు మీద నిలబడి ఆమె పెదాలనే చూస్తున్నాడు. మనసు మాత్రం ఆ లారీ దగ్గరే ఉంది. అది కాస్త ఎడమకు వచ్చి ఉంటే? వెనక కూర్చున్న వాళ్లు ఏమయ్యేవారు?

సిద్దమ్మ నడుం ఎత్తింది. ఏదో చెప్పి కొంగుతో ముఖం తుడుచుకుంది. అందరూ కదలకుండా ఉన్నారు. పాట అయిపోయిందని, తన మాట కోసమే ఆగారని సిరాజ్ అనుకున్నాడు.

"మస్తు పాడినవ్ సిద్దమ్మా," అన్నాడు గట్టిగా. "ఎప్పటికీ గిట్లనే పాడాలె."

అందరూ ఒక్కసారి అతని వైపు తిరిగారు. సిద్దమ్మ అప్పటిదాకా చెప్పింది వేరే. తన పాట అందుకునే చెల్లెలు పోయిన నెల జ్వరంతో చనిపోయిందని, ఒక్క చరణం కాగానే గొంతు పూడుకుపోయిందని, ఇక పాడలేనని. మదన్ మోహన్ ముఖం ఎర్రబడింది.

సిద్దమ్మ మాత్రం కోప్పడలేదు. గట్టెక్కి, సిరాజ్ వెనకగా వచ్చి, "డ్రైవర్ సాబ్" అని పిలిచింది. మళ్లీ పిలిచింది. అతను మడి వైపే చూస్తున్నాడు.

"గీయనకు ఇనొస్తలేదయ్యా," అంది ఆమె. "ఏమనకుండ్రి."

మదన్ మోహన్ ఎదురుగా వచ్చి, నెమ్మదిగా, విడివిడిగా అడిగాడు. "నిజమేనా?"

సిరాజ్ తలూపాడు.

"బండ్ల ఇంతమందిమి కూసున్నం. ఒక్క మాట చెప్పకపోతివి."

"చెప్తే మీరు ఇంకో కారు మాట్లాడుకుంటరని భయమైంది సాబ్," అన్నాడు సిరాజ్. అసలు సంగతి లలిత ఎదురుగా నిలబడి చెప్పాక సిద్దమ్మకు చేతులు జోడించాడు. "మాఫ్ చెయ్యమ్మా. నాకు తెల్వలే."

"నీకెట్ల తెలుస్తది," అంది ఆమె, తిరిగి మడిలోకి దిగుతూ.

ఆ ఊళ్లో వేరే డ్రైవరు లేడు. తిరుగు ప్రయాణంలో లలిత వెనక్కి తిరిగి కూర్చుంది. "వెనక బండొస్తే భుజం మీద తడ్త. పక్కకు జరుపుండ్రి," అంది. మెదక్ దాకా ఎవరూ పాటల సంగతి ఎత్తలేదు. భుజం మీద చేయి పడ్డ ప్రతిసారీ సిరాజ్ బండిని రోడ్డు అంచుకు జరిపాడు. ఇల్లు చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

నూరున్నీసా అంతా విని, అతనికి కనపడేటట్టు ఎదురుగా కూర్చుంది. "నాకెప్పుడో తెల్సు. మీ నోటితోని చెప్తరని ఇన్ని దినాలు చూసిన," అంది.

మర్నాటి నుంచి సిరాజ్ స్టీరింగు ముట్టలేదు. నూరున్నీసా తమ్ముడు యూనుస్‌కు బండి అప్పగించాడు. వచ్చే నెల మదన్ మోహన్ వస్తాడా రాడా అని రోజూ బస్టాండుకు పోయి నిలబడేవాడు. ఆయన వచ్చాడు. కొత్త మనుషులను వెంటబెట్టుకొనే వచ్చాడు. సిరాజ్‌ను ముందు సీట్లో కూర్చోమన్నాడు. ఏ ఊళ్లో ఎవరి ఇంటికి పోవాలో ఇప్పటికీ అతనే చూపించాలి.

యూనుస్ జాగ్రత్తపరుడే. అయినా ఎదురుగా లారీ కనిపిస్తే చాలు, సిరాజ్ కుడికాలు నేలను గట్టిగా తొక్కేది. అక్కడ బ్రేకు లేదు. నర్సాపూర్ అడవి దాటేదాకా ఆ కాలు అట్లాగే బిగుసుకొని ఉండేది.